సిద్ధాంత గ్రంథంలో ‘నేను’ అని రాయొచ్చా?

నిస్సంకోచంగా రాయండి. ‘నేను’ అంటే అహంకారం, ‘ఈ పరిశోధకుడు’ అంటే వినయం అన్న అభిప్రాయం మన విశ్వవిద్యాలయాల్లో గట్టిగా పాతుకుపోయింది. తెలుగు క్రియ దగ్గరికొచ్చేసరికి అది నిలబడదు. ‘ఈ పరిశోధకుడు పాటలు సేకరించాడు’ అంటే ఎవరో పరాయివాణ్ణి ఏకవచనంలో అన్నట్టుంటుంది. పోనీ ‘సేకరించారు’ అందామంటే తనకు తానే ‘గారు’ తగిలించుకున్నట్టు. రాసేది స్త్రీ అయితే ‘పరిశోధకురాలు సేకరించింది’ అనాలి. ప్రథమపురుషలోకి వెళ్లామంటే లింగమూ మన్ననా రెండూ తేల్చుకోక తప్పదు. ఉత్తమపురుషలో ఆ పేచీ లేదు: ‘సేకరించాను’. ఆడా మగా తేడా లేదు, హెచ్చూ తగ్గూ లేదు. పైగా ఆ ‘ను’ ఉండగా ‘నేను’ అని వాక్యవాక్యానికీ చెప్పనక్కర్లేదు. పర్యవేక్షకులు సర్వనామానికి ఒప్పుకోకపోతే దాన్ని వదిలేసి క్రియను ఉంచుకోండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ‘బడు’. ‘ఈ నాట్ల పాటలు ఖమ్మం జిల్లాలో సేకరించబడ్డాయి.’ ఎవరు సేకరించారు? మీరే పొలం గట్టు మీద నిలబడి రికార్డు చేశారా, ఎవరో అచ్చు వేసినవాటిలోంచి ఎత్తి రాశారా? జానపద పరిశోధనలో సేకరించిన పాట విలువ తేలేది అక్కడే, ఆ వాక్యం సరిగ్గా దాన్నే దాచేస్తోంది. ఇలా ‘బడు’ చేర్చిన కర్మణి వాక్యాలు వాడితేనే శాస్త్రీయత అనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. డీఎన్‌ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ 1953లో ‘నేచర్’ పత్రికలో వేసిన వ్యాసం మొదలయ్యేదే ‘మేము’ అని.

వాళ్లు ఇద్దరు కాబట్టి ‘మేము’ సరిపోయింది. ఒక్కరే రాసిన గ్రంథంలో అది వద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే ఇంకో చిక్కు వస్తుంది: ‘గుర్తించాం’ అన్న క్రియ మేముకీ మనంకీ ఒకటే. పని చేసింది మీరైతే అక్కడ ‘మేము’ రాసి తీరాలి. ‘చూద్దాం’కి ఆ అనుమానం లేదు, అందులో పాఠకుడు ఎప్పుడూ ఉంటాడు.

‘మన’ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. ‘మన పెళ్లిళ్లలో ఈ పాట పాడతారు’ అని రాసేముందు, ఏ ఊళ్లో, ఎవరిళ్లలో పాడతారో పేరు పెట్టి చెప్పండి. ఆ పాట ఎన్నడూ వినని తెలుగువాళ్లు కూడా మీ గ్రంథం చదువుతారు.