సమన్లు అందని ప్రతివాదిని ఇంటర్నెట్‌లో వెతకడం: ఎంతవరకు నమ్మవచ్చు?

గుంటూరు జూనియర్:
పెద్దలకు నమస్కారం. నేను ప్రాక్టీసులో చేరి రెండేళ్ళయింది. ఒక భాగపంపకాల దావాలో మూడో ప్రతివాది పదిహేనేళ్ళ క్రితం హైదరాబాదు వెళ్ళిపోయారు. సమన్లు రెండుసార్లు ‘ఈ చిరునామాలో లేరు’ అన్న ఎండార్స్‌మెంటుతో తిరిగి వచ్చాయి. నాలుగో ప్రతివాది టెక్సాస్‌లో ఉన్నారు. మా క్లయింటు ఫేస్‌బుక్‌లో ఒక ఖాతా చూపించి, ‘మా చిన్నాన్న కొడుకు ఇతనేనండీ’ అని గట్టిగా అంటున్నారు. అందులో కనిపించే ఆఫీసు చిరునామాను కోర్టుకు ఇవ్వవచ్చా, లేక నేరుగా పత్రికా ప్రకటనకు దరఖాస్తు చేయడం మేలా?

పాత సివిల్ ప్లీడరు:
తొందరపడవద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 20 కింద పత్రికా ప్రకటనకు అనుమతి ఇవ్వాలంటే, ప్రతివాది తప్పించుకు తిరుగుతున్నాడని గానీ, మామూలు పద్ధతిలో సమన్లు అందించడం సాధ్యం కాదని గానీ కోర్టుకు నమ్మకం కలగాలి. వెతకకుండానే ప్రకటన వేయించి ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది హాజరు కాకుండా ఇచ్చే తీర్పు) తెచ్చుకుంటే, రేపు ఆయన సమన్లు సక్రమంగా అందలేదని చూపించి ఆర్డర్ 9 రూల్ 13 కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు. అప్పుడు మీ క్లయింటు మళ్ళీ మొదటికి వస్తారు.

ఫేస్‌బుక్ ఆచూకీ మాత్రమే ఇస్తుంది, దాన్ని చిరునామాగా తీసుకోకూడదు. మన పేర్లతో ఉన్న చిక్కు మీకు తెలియనిది కాదు. ఇంటి పేరు ఒకచోట ముందు, పాస్‌పోర్టులో చివర, ఉద్యోగంలో ఒక్క పొడి అక్షరం. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు ఒక్కరే కావచ్చు, వేర్వేరు మనుషులూ కావచ్చు. చాలా ఏళ్ళ కిందట ఒక డిక్రీ అమలు పిటిషన్‌లో మేము ఇంటర్నెట్‌లో దొరికిన చిరునామాకు నోటీసు పంపించాము. వాయిదా నాడు ఒకాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కూలి పని మానుకుని వచ్చారు. ఇంటి పేరు, పేరు రెండూ అవే, తండ్రి పేరు మాత్రం వేరు. ఆయన ముఖం నేను మరచిపోలేదు. అప్పటి నుంచి తండ్రి పేరు, వయసు రెండూ కలిస్తే తప్ప నేను చిరునామా దాఖలు చేయను.

ఆ రెండూ ఎన్నికల సంఘం ఓటరు జాబితాలో దొరుకుతాయి. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా ఇచ్చి వెతకండి. ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు మూడు మార్చి చూడండి. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ సైటులో పక్షకారుని పేరుతో కూడా చూడండి, కానీ సంవత్సరం, కోర్టు సముదాయం విడివిడిగా ఎంచుకోవాలి కనుక సిటీ సివిల్ కోర్టుతో ఆగకుండా రంగారెడ్డి, మేడ్చల్ కోర్టులు కూడా చూడాలి.

డల్లాస్ నుంచి:
నాలుగో ప్రతివాది విషయం. టెక్సాస్‌లో ఆస్తి పన్ను మదింపు కౌంటీలవారీగా జరుగుతుంది, ఆ కార్యాలయాల సైట్లలో యజమాని పేరుతో వెతకవచ్చు. అద్దె ఇంట్లో ఉంటే మాత్రం ఇది పనికిరాదు. చిరునామా దొరికితే విదేశాల్లో ఉన్నవారికి కోర్టు కాగితాలు అందించడానికి కుదిరిన 1965 నాటి హేగ్ ఒప్పందం దారి ఉంది, అది భారత్‌కు 2007 ఆగస్టు 1 నుంచి అమలులో ఉంది.

హైకోర్టు అడ్వకేటు:
ఒక హెచ్చరిక. ఎవరి ద్వారానైనా కాల్ డేటా కొనడం, కొరియర్ వాళ్ళమని చెప్పి ఇంట్లో ముసలివారిని అడగడం వంటివి క్లయింటు ఉత్సాహపడినా మీరు చేయనివ్వవద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో హక్కు అమలుకు అవసరమైన మేరకు మినహాయింపు ఉంది, కానీ అది దొంగదారికి అనుమతి కాదు. వెతికిన తేదీ, వెతికిన పదాలు, దొరకని చోట్లు కూడా అఫిడవిట్‌లో రాయండి. తెర ప్రింట్లు దాఖలు చేస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతపరచండి. వాట్సాప్‌లో నీలం టిక్కులను నోటీసు అందినట్టుగా బొంబాయి హైకోర్టు 2018లో ఒక డిక్రీ అమలు వ్యవహారంలో అంగీకరించింది గాని, మీరు మాత్రం ముందుగా కోర్టు అనుమతి తీసుకోండి.

గుంటూరు జూనియర్:
అందరికీ కృతజ్ఞతలు. ఇంటి పేరును ఇంగ్లీషులో మరో విధంగా రాసి చూస్తే ఓటరు జాబితాలో తండ్రి పేరు, వయసు రెండూ కలిశాయి, ఇల్లు కూకట్‌పల్లి వైపు. ఫేస్‌బుక్ ఖాతా వేరొకరిదని తేలింది. కొత్త చిరునామాతో మెమో వేసి, ఆర్డర్ 5 రూల్ 9ఎ కింద, మేమే ప్రతివాదికి అందించేలా సమన్లు మా చేతికే ఇప్పించమని అడిగాము.