68 ఏళ్ళ నాన్న, వెనకింట్లో గొలుసుకి కట్టేసిన కుక్క: తెచ్చుకోవచ్చా? సలహా కావాలి

మర్రిపాలెం అమ్మాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

నాన్నకి 68. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు, మర్రిపాలెంలో మా సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. నేను మధురవాడలో ఉంటాను, వారానికి రెండుసార్లు వెళ్ళొస్తాను. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. అప్పట్నించి ఆయన మాట తగ్గిపోయింది. టీవీ పెట్టుకుని కూర్చుంటారు గానీ చూడరు.

మా వెనకింటి వాళ్ళకి ఒక లాబ్రడార్ ఉంది, ఎనిమిదేళ్ళుంటాయి. వాళ్ళబ్బాయి ముచ్చటపడి కొన్నాడు, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. అప్పట్నించి అది పెరట్లో బాత్రూమ్ గోడ పక్కన గొలుసుకే ఉంటోంది. గొలుసు మూడడుగులు కూడా ఉండదు. ఎండైనా వానైనా అక్కడే, దొడ్డికి పోయేది అక్కడే, పడుకునేదీ అక్కడే. మొరిగితే ఇంటాయన పైపు ముక్క పట్టుకుని వస్తాడు. పోయిన ఆదివారం మేడ మీంచి నేనే చూశాను. వెన్నెముక ఎముకలు లెక్కపెట్టొచ్చు. సొట్టలు పడిన సిల్వర్ గిన్నెలో నీళ్ళు పాచి పట్టి పచ్చగా ఉన్నాయి. మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయి ఎర్రగా పుండైంది, ఈగలు ముసురుతున్నాయి.

రెండిళ్ళకీ మధ్య ప్రహరీ గోడకి కింద, దాని గొలుసు అందేంత దగ్గర్లోనే, వాన నీళ్ళు పోయే తూము ఉంది. నాన్న రోజూ పొద్దున్నే పెరుగన్నం ముద్దలు చేసి అందులోంచి తోస్తున్నారట, నాలుగు నెలలుగా. నాకు మొన్ననే తెలిసింది. మోకాళ్ళు వంగవు కదా నాన్నా అంటే, అదే వచ్చి తూము దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చుంటుందమ్మా, ఎలా మానను అన్నారు. ఒకరోజు గోడ మీంచి దాన్ని చూస్తూ కళ్ళజోడు సర్దుకుందామని చెయ్యెత్తితే అది నేలకి కరుచుకుపోయి అక్కడే ఉచ్చ పోసేసిందట. ఆ మాట చెబుతూ ఏడ్చేశారు. అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవలేదు.

ఇప్పుడు దాన్ని ఇంటికి తెచ్చుకుంటానంటున్నారు. తమ్ముడేమో ఈ వయసులో ఇదంతా ఎందుకు, కరిస్తే ఏంటి, కింద పడితే ఏంటి అంటున్నాడు. నాన్నకి బీపీ ఉంది, గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. వాళ్ళు ఇవ్వనంటే చట్టం ఏం చెబుతుంది? ఇంకోటి, రాయడానికే మనసు రావట్లేదు, నాన్నకేమైనా అయితే ఆ కుక్క గతేంటి? రెండు రోజులుగా ఇదే టెన్షన్. తెలిసిన వాళ్ళు చెప్పండి.

సీతమ్మధార పిన్ని:

అమ్మాయ్, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. నాకు 71. మా ఆయన పోర్టులో చేసేవారు, పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో ఇలాంటివి నాలుగింటిని తెచ్చుకున్నాను, నాలుగూ ఎవరో పెంచి వదిలేసినవే. ఒకేసారి రెండుకి మించి ఎప్పుడూ పెట్టుకోలేదు.

ఈ వయసులో ఎందుకు అని నన్నూ అడిగారు, ఇప్పటికీ అడుగుతారు. దెబ్బలు తిన్న కుక్కకి తనతో పరిగెత్తే మనిషి అక్కర్లేదమ్మా. అరుపులు లేని ఇల్లు, రోజంతా కళ్ళ ముందు మెల్లగా మెదిలే మనిషి కావాలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో అది పొద్దున్నించి రాత్రిదాకా మళ్ళీ ఒంటరిదే. మన దగ్గర ఉన్నదే ఆ తీరిక.

నా మొదటిది పామేరియన్. అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డు మీద ఎవరో కారులోంచి దింపేసి పోయారు. తెల్ల కారు కనబడితే చాలు వెనకాల పరిగెత్తేది. ఇంటికి తెస్తే మంచం కిందికి దూరి మూడు రోజులు బయటికి రాలేదు. గిన్నె పెట్టి నేను చూస్తుంటే ముట్టేది కాదు. నాకు కింద కూర్చుంటే లేవడం కష్టం, అందుకని పీట వేసుకుని, దానికి వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేదాన్ని. వెనకాల గిన్నె నాకుతున్న చప్పుడు వినబడేది, తిరిగి చూడాలని ఎంత అనిపించినా చూసేదాన్ని కాదు. పదకొండో రోజు వచ్చి నా వీపుకి ఆనుకుని కూర్చుంది. జాకెట్టు మీద ఆ తడి ముక్కు తగిలింది చూడు, చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది, అరగంట కదల్లేదు నేను. చీపురు చూస్తే మాత్రం ఏడాది పాటు వణికింది, దాన్ని పెరట్లోకి పంపాకే ఇల్లు ఊడ్చేదాన్ని.

ఇంకొక లెక్క చెబుతాను. లాబ్రడార్ మామూలుగా పది పన్నెండేళ్ళు బతుకుతుంది, దానికి ఇప్పుడే ఎనిమిది. ఈ వయసులో చిన్న పిల్లని తెచ్చుకుంటే నేనైనా వద్దనేదాన్ని, అది పళ్ళు దురదకి అన్నీ కొరుకుతుంది, కాళ్ళకి అడ్డం పడుతుంది, పైగా పన్నెండేళ్ళ బాధ్యత. పెద్ద కుక్క అలా కాదు, మీ నాన్నగారి నడకే దాని నడక. తమ్ముడికి ఈ లెక్క చెప్పు.

పెందుర్తి, పశువైద్యశాల రిటైర్డ్:

నేను వెటర్నరీ అసిస్టెంట్‌గా చేసి రిటైర్ అయ్యాను. పిన్నిగారు మనసు సంగతి చెప్పారు, నేను ఒంటి సంగతి చెబుతాను, దయచేసి శ్రద్ధగా చదువు తల్లీ.

మెడ దగ్గర పుండు అన్నావు. చాలామందికి తెలియనిది ఏంటంటే, కుక్క చిన్నప్పుడు వేసిన బెల్టో గొలుసో అలాగే ఉండిపోతే అది చర్మంలోకి దిగిపోతుంది, పైన మాంసం పెరుగుతుంది. అలా ఉంటే ఇంట్లో లాగొద్దు. డాక్టర్ మత్తు ఇచ్చి కట్ చేసి తీయాలి. ఈగలు ముసురుతున్నాయంటే పురుగులు పట్టి ఉండొచ్చు, కిరసనాయిలు పొయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, పచ్చి మాంసం మండిపోతుంది. ఇంటికి తేకముందే నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

రెండోది తిండి. జాలితో మొదటి రోజే కడుపునిండా పెట్టేస్తారు, అదే ప్రమాదం. నెలల తరబడి ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగే పరిస్థితి కూడా వస్తుంది. మెత్తగా ఉడికిన అన్నంలో ఉప్పు కారం లేని ఉడికించిన చికెన్ కొంచెం కలిపి, రోజుకి నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఎంత పెట్టాలి, ఎన్నాళ్ళకి పెంచాలి అన్నది డాక్టర్ చెప్పినట్టే. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ ఎప్పటికీ వద్దు. కుంటుతోందని మనం వేసుకునే నొప్పి మాత్ర, ఐబుప్రొఫెన్ లాంటిది, సగం ముక్క కూడా వెయ్యొద్దు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

చిగుళ్ళు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం లేనట్టే. మన విశాఖ ఉక్కకి పిడుదులు విపరీతం, వాటి వల్ల వచ్చే జ్వరం రక్తాన్ని తినేస్తుంది. రక్త పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, మందు ఉంది, కానీ కోర్సు నాలుగు వారాల దాకా ఉంటుంది. తేరుకుందని మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుంది.

ఇక నాన్నగారు. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు కాబట్టి చిన్న గీరుకే రక్తం త్వరగా ఆగదు, కాబట్టి మొదటి నెల గోళ్ళు కత్తిరించే పనీ స్నానం పనీ వేరేవాళ్ళు చెయ్యాలి. ఆయన డాక్టర్‌ని అడిగి ముందుజాగ్రత్తగా రేబిస్ టీకా వేయించండి, 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు, మూడు డోసులు. ఒకవేళ కరిస్తే పంటి గాటు ఎంత చిన్నదైనా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మన ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో టీకా ఉచితం. ముందు మూడు డోసులు పడి ఉంటే అప్పుడు రెండు బూస్టర్లతో సరిపోతుంది. నడకకి మెడ బెల్టు కాదు, ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, మెడ పుండు మానేదాకా తప్పదు. తాడు చేతికి చుట్టుకోవద్దని చెప్పండి, అది పిల్లిని చూసి ఒక్క ఊపు ఊపిందంటే పెద్దాయన పడిపోతారు.

లాసన్స్ బే కాలనీ:

నేను వద్దనడానికి రాయట్లేదు, జరిగింది చెబుతాను. మా అమ్మ 74 ఏళ్ళ మనిషి. ఒకటితో మొదలై తొమ్మిది కుక్కలయ్యాయి. ఎవరికి కుక్క భారమైనా రాత్రిపూట తెచ్చి మా గేటుకి కట్టేసి పోయేవాళ్ళు, ఆవిడ కాదనలేదు. పెన్షన్ సగం వాటికే పోయేది. నేను హైదరాబాద్‌లో, చెబితే వినేది కాదు. పోయినేడు బాత్రూమ్‌లో జారి పడి తుంటి ఎముక విరిగింది, మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఆ మూడు వారాలూ మంచం మీద నుంచి ఆవిడ అడిగింది ఒక్కటే, వాటికి అన్నం పెట్టారా అని. పక్కింటి వాళ్ళు పెట్టినన్నాళ్ళు పెట్టారు. రెండు కుక్కలు గేటు దూకి పోయాయి, దొరకలేదు. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

అందుకని అడుగుతున్నాను అక్కా, తెచ్చే ముందే రెండో మనిషి ఎవరో తేల్చుకోండి. మాటగా కాదు, కాగితం మీద. నాన్నగారు ఆసుపత్రిలో చేరితే ఆ సాయంత్రం దానికి అన్నం పెట్టేది ఎవరు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన తర్వాత అది ఎవరింటికి వెళ్తుంది, డాక్టర్ ఫోన్ నంబర్, టీకా పుస్తకం ఎక్కడుంది, అన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఒక్క కుక్కకి ఒప్పుకోండి, రెండోదానికి వద్దనండి.

కోర్టు పని తెలిసినవాడు, అక్కయ్యపాలెం:

చట్టం మీ వైపే ఉంది, కానీ దాని బలం తక్కువ. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం కొట్టడం, మరీ పొట్టి గొలుసుకి కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని తిప్పకపోవడం, సరిపడా తిండి నీళ్ళు నీడ ఇవ్వకపోవడం, అన్నీ నేరాలే. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. ఆ 50 రూపాయల హద్దు దశాబ్దాలుగా అదే, నాకు కడుపు మండేది ఇక్కడే. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు, అది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది.

నాన్నగారు గోడ దూకి విప్పేసి తెచ్చుకోకూడదు. చట్టం దృష్టిలో కుక్క యజమాని ఆస్తి, దొంగతనం కేసు ఆయన మీదే పడుతుంది. మేడ మీంచి తేదీతో సహా ఫొటోలు, వీడియోలు తీసి ఉంచుకోండి, కానీ ముందు అవి చూపించి బెదిరించొద్దు. ఒంటరిగా ఉండే పెద్దాయన, వెనకింటి వాళ్ళతో పగ పెట్టుకుంటే రోజూ నరకమే. మీకు బరువుగా ఉన్నట్టుంది, నాకు కాలక్షేపం లేదు, ఇచ్చేయండి అని ఆయన చేతే అడిగించండి. ఒప్పుకుంటే ఒక తెల్ల కాగితం మీద, ఫలానా కుక్కని ఫలానా తేదీన నా ఇష్టంతో ఫలానా వారికి ఇచ్చేస్తున్నాను, ఇక నాకు హక్కు లేదు అని రాయించి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఇది మర్చిపోవద్దు. ఒళ్ళు చేసి నిగనిగలాడాక మాది మాకిచ్చేయమని వచ్చిన వాళ్ళని చూశాను. ససేమిరా అంటే అప్పుడు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు, ఊళ్ళో జంతు సంక్షేమ సంస్థల సాయం. విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ 1996 నుంచి మన దగ్గరే ఉంది కదా.

మర్రిపాలెం అమ్మాయి:

అందరికీ చేతులెత్తి దణ్ణం. మీరు రాసిందంతా నాన్నకి చదివి వినిపించాను. నిన్న సాయంత్రం ఆయనే వెనకింటికి వెళ్ళారు, నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఇంటాయన ముఖం చిట్లించాడు గానీ, లోపల్నించి ఆవిడ వచ్చి, తీసుకెళ్ళిపోండి బాబాయ్‌గారూ, దాన్ని చూస్తే నాకు అన్నం సయించట్లేదు, ఈయనకి చెప్పలేక చస్తున్నాను అంది. కాగితం రాయించాం, సాక్షుల సంతకాలూ అయ్యాయి. రేపు పొద్దున్న తొమ్మిదింటికి డాక్టర్ దగ్గరికి. రెండో మనిషిని నేనే, నా పేరే రాసి ఫ్రిజ్ మీద అంటించాను. తమ్ముడు హార్నెస్ ఆర్డర్ పెట్టి నాకు ఫొటో పంపాడు, ఇంకేమీ మాట్లాడలేదు. నాన్న రాత్రి అమ్మ పాత నేత చీర తీసి నాలుగు మడతలేసి వరండాలో పరిచారు.

పిన్నిగారూ, ఒక్క డౌట్. దాని పేరు టైగర్. అదే ఉంచమంటారా, మార్చమంటారా?

సీతమ్మధార పిన్ని:

ఆ పేరు పెట్టి పిలిచి కొట్టేవాళ్ళయితే మార్చెయ్యమ్మా. రేపు మెల్లగా టైగర్ అని పిలిచి చెవులు చూడు. వెనక్కి పడిపోయి తోక కాళ్ళ మధ్యకి పోతే ఆ పేరు ఇంకెప్పుడూ అనొద్దు. అన్నం గిన్నె పెట్టిన ప్రతిసారీ కొత్త పేరు ఒకే గొంతుతో పిలవమను, రెండు వారాల్లో పట్టుకుంటుంది. పేరు నాన్నగారినే పెట్టనీ. సాయంత్రం డాక్టర్ ఏమన్నాడో రాయి, చూస్తూ ఉంటాను.