నడుము ఆపరేషన్ ముందు స్నేహితుల నవ్వులాట: ఉండాలా, ఆపాలా?

బేతంచెర్ల_బండ:
అందరికీ నమస్కారం. వచ్చే గురువారం కర్నూలులో నాకు నడుము ఆపరేషన్. నడుములో నాలుగో, ఐదో పూసల (ఎల్4-ఎల్5) మధ్య ఉండే మెత్తటి డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళుగా పని చేస్తున్నాను. నాలుగు నెలల కిందట లారీకి లోడు వేయిస్తూ నేనూ ఒక చెయ్యి వేశాను, అప్పుడు పట్టింది. మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయినాయి. నొప్పినైతే ఓర్చుకుంటున్నా. కానీ ఎడమ కాలి బొటనవేలు పైకి లేవడం మానేసింది. నడుస్తుంటే చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు, వెనక వచ్చేవాళ్ళు పిలిచి ఇస్తున్నారు. బలం తగ్గుతోంది, ఇక ఆగొద్దు అన్నారు డాక్టరు.

అసలు సంగతి ఇది. పదో తరగతి నుంచి కలిసి ఉన్న స్నేహితులు నలుగురు రోజూ సాయంత్రం వచ్చి మంచం చుట్టూ కూర్చుంటారు. నొప్పికి ఒక పక్కకు వంగి నడుస్తాను కదా, "కొండారెడ్డి బురుజు ఒరిగిందిరో" అంటాడు ఒకడు. "డాక్టరు తీసే ముక్క అడిగి తీసుకో, పాలిష్ పట్టి గడపకు వేద్దాం" అంటాడు ఇంకొకడు. నవ్వితే కాల్లోకి కరెంటు పాకినట్టవుతుంది. అయినా నవ్వుతాను. మొన్న మా ఇంటావిడ వాళ్ళ ముందే ఏడ్చేసింది. "ఈయన కాళ్ళు పడిపోతాయేమోనని నాకు నిద్ర లేదు, మీకు ఆటగా ఉందా? ఆపరేషన్ అయ్యేదాకా రావొద్దండి" అనింది. మూడు రోజులుగా ఎవరూ రాలేదు. ఇల్లంతా మూగగా ఉంది. వాళ్ళను రమ్మనాలా, ఆమె మాట వినాలా?

హంద్రీ_కుర్రోడు:
రమ్మనండి అన్నా. ఇంట్లో నలుగురు ఉంటేనే ధైర్యం.

పెన్నా_ఒడ్డు:
మీ ఇంటావిడ మాటే సరైనది. నాది కడప. 2016లో నాకూ ఇదే ఎల్4-ఎల్5. మా వాళ్ళూ వార్డులోకి వచ్చి గంటసేపు నవ్వులు, ఫోటోలు. పక్క మంచం మీద ఒక పెద్దాయన నొప్పితో మూలుగుతున్నాడు, ఆయన వైపు ఒక్కడూ చూడలేదు. ఆపరేషన్ అయిన మర్నాడు కూడా వచ్చి నవ్వించారు. వెనక కుట్లు ఉన్న మనిషిని నవ్విస్తారా? కుట్టు తెగితే ఎవరు దిక్కు? నవ్వే చోటు వేరే, ఆసుపత్రి వేరే.

ఆదోని_పత్తి:
ఆపరేషన్ ఎందుకు సామీ, పుత్తూరు పోయి కట్టు కట్టించుకో. మా బావకు నెలలో చెయ్యి కూడుకుంది.

అనంత_ఫిజియో:
ఆదోని అన్నా, మీ బావకు విరిగింది ఎముక. ఇక్కడ జారింది డిస్కు, దానికి కట్టు కట్టేదేమీ ఉండదు. డిస్కు నొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కత్తి లేకుండానే తగ్గుతుంది, అది నిజం. కానీ వేలు లేవడం మానేసిందంటే నరం బలం పోతోందని అర్థం. ఇక్కడ ఆలస్యం మంచిది కాదు. బేతంచెర్ల అన్నా, గురువారం లోపల మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, గురువారం దాకా చూడొద్దు. ఆ క్షణమే బయల్దేరండి.

పెన్నా అన్నా, నవ్వితే నడుము కుట్లు తెగవు. నొప్పి పుడుతుంది, అంతే. దగ్గినా తుమ్మినా పుట్టే నొప్పే అది. తప్పుడు భయం పెట్టకండి.

పెన్నా_ఒడ్డు:
నేను చెప్పిందాంట్లో కుట్టు మాట ఒక్కటే పట్టుకున్నారు. మీరు ఫిజియో, మీకు కుట్లు కనిపిస్తాయి. పడుకున్నవాడికి ఏమవుతుందో నాకు తెలుసు. నాకు తడిసింది కట్టు.

అనంత_ఫిజియో:
తడిస్తే దానికి వేరే కారణం ఉంటుంది. కుట్టు దగ్గర చీము పట్టినా తడుస్తుంది, లోపల వెన్నుద్రవం ఊరినా తడుస్తుంది. నవ్వు వల్ల అని ఏ డాక్టరు చెప్పారు?

పెన్నా_ఒడ్డు:
డాక్టరు చెప్పాలా? ఒళ్ళు నాది.

వైద్యసేవ_సందేహం:
ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద చేస్తున్నారా అన్నా? మా అమ్మకు కూడా ఇదే సమస్య.

చాగలమర్రి_అక్క:
కుట్లు, కట్లు పక్కన పెట్టండి తమ్ముళ్ళూ. రాత్రి రెండు గంటలకు ఆయన్ను పక్కకు తిప్పేది ఎవరు? ఆమె. బాత్రూముకు పట్టుకొని నడిపించేది ఎవరు? ఆమె. నలుగురు వస్తే టీ పెట్టేది, గ్లాసులు కడిగేది కూడా ఆమే. వాళ్ళు నవ్వి పోయాక ఆమెకు మిగిలింది భయం. ఆమెతో ఎవరైనా కూర్చొని ఏమవుతుందో చెప్పారా? కాళ్ళు పడిపోతాయనే మాట ఊరంతా అంటుంది. ఆ మాట మోస్తూ ఆమె ఎట్లా నవ్వుతుంది?

అనంత_ఫిజియో:
అక్కా, ఇది మంచి ప్రశ్న. బేతంచెర్ల అన్నా, ఆమెకు ఇట్లా చెప్పండి. వెన్నుపాము నడుములో మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. మీ ఆపరేషన్ నాలుగు, ఐదు పూసల మధ్య. అక్కడ ఉండేవి కిందికి దిగే నరాలు. అందుకే ఊరు అనుకునేట్టు రెండు కాళ్ళూ పడిపోవడం చాలా అరుదు. ప్రమాదం అసలు లేదని నేను అనను. నరానికి దెబ్బ తగలొచ్చు, చీము పట్టొచ్చు, డిస్కు మళ్ళీ జారొచ్చు. బుధవారం డాక్టరు దగ్గర ఆమెను పక్కన కూర్చోబెట్టి ఇవన్నీ ఆమె చేతే అడిగించండి.

నవ్వు సంగతి మాత్రం పెన్నా అన్నకు నేను వదిలిపెట్టను. మా నాయనకు ఇదే ఆపరేషన్ అయ్యేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఎవర్నీ నవ్వనివ్వలేదు. టీవీ కూడా పెట్టలేదు. వచ్చిన ప్రతి చుట్టం చెప్పులు విడిచి, గొంతు తగ్గించి మాట్లాడినాడు, చావింటికి వచ్చినట్టు. ముందు రోజు రాత్రి మా నాయన నా చెయ్యి పట్టుకొని "నా దగ్గర ఏదైనా దాస్తున్నారా, క్యాన్సరా?" అని అడిగినాడు. ఆయన ఆరు నెలల్లో లేచి చేనికి పోయినాడు, సరే. ఆ రాత్రి ఆయన పడిన టెన్షన్‌కు మా గంభీరమే కారణం.

పెన్నా_ఒడ్డు:
మీ నాయన మాట వేరే. మీరు దగ్గరున్నారు. ఇరవై నాలుగు గంటలూ ఉన్నారు. ఊరికే వచ్చి నవ్వి పోయేవాళ్ళను సమర్థించడానికి మీ నాయన్ను చూపిస్తారేంది? జీతానికి రోగుల్ని చూసేవాళ్ళకు ఇది అర్థం కాదు.

అనంత_ఫిజియో:
ఆ మాట వెనక్కి తీసుకోండి. పదకొండేళ్ళుగా నడుము పట్టుకొని ఏడ్చేవాళ్ళను లేపి నడిపిస్తున్నాను. జీతం మాట మాట్లాడొద్దు.

హంద్రీ_కుర్రోడు:
పెన్నా అన్నా, ఒకటి అడుగుతా. డిశ్చార్జి అయినాక వాళ్ళు మళ్ళీ ఎన్నాళ్ళకు వచ్చినారు?

పెన్నా_ఒడ్డు:
రాలేదు.

మూడు నెలలు ఇంట్లో ఉన్నాను. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నడుము తిప్పకూడదు అన్నారు. మా ఆవిడ పొద్దున ఏడింటికి పనికి పోయి సాయంత్రం వచ్చేది. కాలి గోళ్ళు పెరిగి వేలిలోకి గుచ్చుకుంటుంటే మా పాప తీసింది. అప్పటికి దానికి పదేళ్ళు. నాలుక బయటపెట్టి, ఒక్కో వేలు పట్టుకొని, "నొప్పా నాయనా, నొప్పా నాయనా" అంటూ తీసింది. గ్రూపులో మాత్రం ఆసుపత్రి ఫోటో పెట్టి నవ్వే బొమ్మలు. ఆపరేషన్ ముందు రోజు "నాకు భయంగా ఉందిరా" అని వాళ్ళతో అనబోయినాను. సగం మాట కాకముందే ఒకడు జోకు వేసినాడు, అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. ఆ మిగిలిన సగం ఇప్పటికీ ఎవరితోనూ చెప్పలేదు.

జీతం మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను చెల్లెమ్మా.

అనంత_ఫిజియో:
సరే అన్నా. మా నాయన విషయంలో మేమూ అట్లే చేసినాం. మేము గొంతు తగ్గించి ఆయన నోరు మూసినాం. అయినా నవ్వు ఆపమంటే నేను ఒప్పుకోను. అడిగే మనిషి కూడా ఆ నలుగురిలోనే ఒకడు ఉండొచ్చు కదా.

పెన్నా_ఒడ్డు:
ఉండొచ్చు. నాకు దొరకలేదు.

చాగలమర్రి_అక్క:
బేతంచెర్ల తమ్ముడూ, నువ్వు చెప్పినావా వాళ్ళకు, భయం ఉందని?

బేతంచెర్ల_బండ:
ఇవన్నీ చదువుతూనే ఉన్నాను. చెప్పలేదు అక్కా, నిన్నటి దాకా. రాత్రి బురుజు జోకు వేసేవాడికే ఫోన్ చేసినాను. వేలు లేవడం లేదు, చెప్పు జారిపోతోంది, భయంగా ఉంది అన్నాను. వాడు ఏమీ అనలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నా.

పొద్దున ఎనిమిదింటికి వచ్చినాడు. గడప దగ్గరే నిలబడి మా ఇంటావిడను "రావొచ్చా వదినా" అని అడిగినాడు. లోపలికి రాగానే నా ఎడమ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. "గంటలో వస్తా" అని పోయినాడు. తిరిగి వచ్చేసరికి ఆ చెప్పుకు మడమ వెనక పట్టీ కుట్టించి, బకిల్ పెట్టించి ఉంది. కింద కూర్చొని నా పాదం ఒళ్ళో పెట్టుకొని తొడిగినాడు. బొటనవేలిని చేత్తో పైకి లేపి చూసినాడు, వదిలితే పడిపోయింది. రెండుసార్లు అట్లే చేసినాడు. తర్వాత "బురుజుకు బెల్టు వేసినాం, ఇంక పడదు" అన్నాడు. మా ఇంటావిడ నవ్వింది. మూడు వారాల్లో మొదటిసారి.

సాయంత్రం నలుగురూ వస్తున్నారు. తొమ్మిదింటి దాకే అని ఆమె షరతు. టీ గ్లాసులు వాళ్ళే కడగాలి.

పెన్నా_ఒడ్డు:
మంచిది. గురువారం వాళ్ళు రాకపోయినా పట్టించుకోవద్దు, ఆ రోజు మీ ఒంటి మీద మీకు స్పృహే ఉండదు. పదిహేనో రోజు రమ్మని ఇప్పుడే చెప్పి పెట్టండి. గోళ్ళు తీసే వస్తువు ఒకటి తెచ్చుకోమనండి.

అనంత_ఫిజియో:
మంచం దిగేటప్పుడు ముందు పక్కకు తిరిగి, మోకాళ్ళు మడిచి, చేత్తో లేవాలి. నేరుగా లేవొద్దు. ఇది ఆ నలుగురికీ నేర్పించండి.

బేతంచెర్ల_బండ:
పదిహేనో రోజు కూడా గురువారమే పడింది పెన్నా అన్నా. వాడి ఫోన్‌లో అలారం పెట్టించినాను.