మా బుడ్డోడి నాలుగో పుట్టినరోజు, రైలు థీమ్‌తో ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం, ఐడియాలు చెప్పండి

మియాపూర్_అమ్మ:

నమస్తే అందరికీ. వచ్చే నెల మా బాబుకి నాలుగేళ్ళు నిండుతాయి. వాడికి రైళ్ళంటే ప్రాణం. మా అత్తగారిది రాజమండ్రి, లింగంపల్లిలో గౌతమి ఎక్కితే తెల్లారేసరికి గోదావరి బ్రిడ్జి మీదుంటాం కదా, ఆ టైముకి వాణ్ణి లేపకపోతే ఇంక ఆ రోజంతా అలకే. ఇంట్లో కుర్చీలన్నీ వరసగా పెట్టి రైలాట, అన్నం తినాలన్నా స్టేషన్ వచ్చింది అంటేనే నోరు తెరుస్తాడు. అందుకే ఈసారి రైలు థీమ్‌తో ఇంట్లోనే చేద్దామని నేనూ మావారూ అనుకున్నాం.

డెకరేషన్ వాళ్ళని కనుక్కుంటే బెలూన్ ఆర్చి, థర్మకోల్ ఇంజిన్ కటౌటు, వెనక బ్యానరు అన్నీ కలిపి పద్నాలుగు వేలు అన్నారు, కేకు వేరే. అంత డబ్బు పోసి గోడకి తగిలించి నాలుగు ఫొటోలు దిగి పీకేయడానికి నాకు మనసొప్పట్లేదు. కేకుతో కలిపి అయిదారు వేలల్లో అయిపోవాలి. మాది టూ బీహెచ్‌కే, సోఫా బెడ్రూంలోకి జరిపితే హాల్లో కాస్త చోటొస్తుంది. అపార్ట్‌మెంట్ పిల్లలూ ప్లేస్కూల్ ఫ్రెండ్సూ కలిపి ఎనిమిది పది మంది ఉంటారు, అందరూ మూడు నుంచి అయిదేళ్ళ లోపు వాళ్ళే, అమ్మలు కూడా వస్తారు.

ఆటలు ఏం పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి, తినడానికి ఏం చేస్తే పిల్లలు తింటారు? ఇంట్లో చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బుజ్జిబడి_టీచర్:

మీ వాడు కుర్చీలతో రైలాట ఆడతాడన్నారు కదా, మీ పార్టీ అంతా అందులోనే ఉందండీ. నేను ప్లేస్కూల్లో చాలా ఏళ్ళుగా ఈ వయసు పిల్లలతోనే ఉంటున్నా. గోడ మీద ఎంత అందంగా పెట్టినా వాళ్ళు ఒక్కసారి చూసి వదిలేస్తారు. వాళ్ళకి చేతిలో ఏదో ఒకటి ఉండాలి, వాళ్ళే ఏదో ఒకటి అయిపోవాలి, డ్రైవరో గార్డో టీసీనో. మీ డబ్బూ ఓపికా దాని మీద పెట్టండి.

గుమ్మం దగ్గరే మొదలుపెట్టేయండి. ఇదివరకు స్టేషన్లో చిన్న అట్ట టికెట్టు ఇచ్చేవాళ్ళు గుర్తుందా, పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరిస్తే అలాంటివే వస్తాయి. ఒక్కో దాని మీద పిల్లల పేరు, సీటు నంబరు రాయండి. ఎనిమిది తొమ్మిదేళ్ళ అక్కో అన్నో ఉంటే నల్ల కోటు వేసి పేపరుకి చిల్లులు కొట్టే పంచింగ్ మిషన్ చేతికివ్వండి, టీసీ రెడీ. లోపల చాపల మీద రెండు వరసల్లో దిండ్లు, దిండు మీద నంబరు. పిల్లలకి వాళ్ళ పేరు చదవడం రాకపోయినా టికెట్టు మీద బొమ్మా దిండు మీద బొమ్మా ఒకటే అయితే (ఏనుగు, మామిడిపండు ఇలా) వాళ్ళ సీటు వాళ్ళే వెతుక్కుంటారు, అది చాలా ఇష్టంగా చేస్తారు.

అందరూ ఒకేసారి రారు కాబట్టి ముందొచ్చినవాళ్ళకి పని కావాలి. ఏ4 కాగితం మీద ఖాళీ బోగీ బొమ్మ గీసి క్రేయాన్లు ఇవ్వండి, రంగులేసినవాటిని ఒకదాని వెనక ఒకటి గోడకి అంటించుకుంటూ పోండి, ముందు ఇంజిన్ బొమ్మ మీవాడిది. డెకరేషన్ కూడా అదే అయిపోతుంది, ప్రతి పిల్లా అమ్మని లాక్కొచ్చి ఇది నాది అని చూపిస్తుంది.

తర్వాత జెండా ఆట. ఆకుపచ్చ జెండా ఊపితే చుకుచుకు అంటూ నడవాలి, ఎర్రది చూపిస్తే ఆగిపోవాలి. పరిగెత్తే ఒంటిని టక్కున ఆపడం ఈ వయసులో ఇంకా నేర్చుకుంటూనే ఉంటారు, అందుకే పెద్దవాళ్ళకి విసుగొచ్చినా వాళ్ళకి విసుగురాదు. గార్డుగా జెండా పట్టుకునే ఛాన్సు అందరికీ రావాలి. దయచేసి మ్యూజికల్ చైర్స్ పెట్టొద్దు, అవుట్ అనే మాటే వద్దు, అవుటైన పిల్ల ఏడుస్తుంది, దాన్ని చూసి ఇంకో ఇద్దరు ఏడుస్తారు.

టైము రెండు గంటలు చాలు. మధ్యాహ్నం నిద్ర లేచాక నాలుగున్నర నుంచి ఆరున్నర అని పిలిచేటప్పుడే రెండు టైములూ చెప్పండి. ఎవరో రాలేదని కేకు ఏడింటిదాకా ఆపొద్దు, గంట అవ్వగానే కోసేయండి.

ఓరుగల్లు_నాన్న:

అక్కా మా బిడ్డకి గిట్లనే ఇంట్ల చేసినం, అట్టపెట్టెలతోని రైలు చేసిన, ఇప్పటికీ దాంట్లనే కూసుంటది. ఎలక్ట్రానిక్స్ షాపోళ్ళని అడిగితే వాషింగ్ మెషిన్ డబ్బాలు ఇస్తరు, లేకుంటే మీ వాచ్‌మన్‌కి ముందుగాల చెప్పి పెట్టుండ్రి. పెద్ద డబ్బా ఒక్కటి ఇంజిన్‌కి సరిపోతది, బోగీలకి ఆన్‌లైన్‌ల సామాన్లు వచ్చిన డబ్బాలు చాలు. చక్రాలకి పేపర్ ప్లేట్లకి నల్ల రంగు వేసి మధ్యల పిన్ను కాకుండ గమ్‌తోనే అంటియ్యుండ్రి, పిన్నులు ఊడితే పిల్లల కాళ్ళకి గుచ్చుకుంటయి. కోసిన అంచులకు బ్రౌన్ టేప్ వేస్తే చేతులు గీరుకపోవు. కటింగ్ అంతా ముందు రోజు రాత్రే చేసుకోవాలె, పిల్లలు లేస్తే కట్టర్ పట్టుకోలేం.

ఒక్కటి యాదుంచుకోండి, కొందరు డబ్బాలకి తాడు కట్టి పిల్లల మెడల వేస్తరు, అది అస్సలు వద్దు. ఇంట్ల తిరిగే రైలు కావాలంటే పాత కాటన్ చీర పొడుగ్గ మెలేసి దూరం దూరం ముడులు వేయండి, ఒక్కో ముడి ఒక్కో పిల్లగాడు చేత్తో పట్టుకుంటడు, ముంగట మీ బాబు. ఎవ్వరు పడ్డా వదిలేస్తే అయిపాయె.

స్టేషన్ బోర్డులు మాత్రం మంచిగ చేయుండ్రి. పసుపు చార్ట్ మీద నల్ల మార్కర్‌తోని తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడిట్ల రాస్తే అసలు స్టేషన్ బోర్డు లెక్కనే కనపడతది. గుమ్మం దగ్గర లింగంపల్లి, బెడ్రూం తలుపుకి వరంగల్ (గౌతమి మా ఊరి మీదనుంచే కదా పోయేది), డైనింగ్ టేబుల్ కాడ విజయవాడ, కేకు కాడ రాజమండ్రి. జెండాలు, రంగు కాగితాలు ఎక్కువ కావాలంటే బేగంబజార్ పోండి, డజన్ల లెక్క తీసుకుంటే సగానికి సగం తగ్గుతది.

మియాపూర్_అమ్మ:

టీచర్ గారూ, అన్నయ్యా, చాలా థాంక్స్. బోర్డుల ఐడియా చెప్తే మావారు ఇప్పుడే పోయి చార్టులు తెచ్చేశారు. ఇంకో రెండు విషయాలు. ఒకటి తిండి. రెండోది, మా అత్తగారికి కొవ్వొత్తి ఊదడం అస్సలు ఇష్టం లేదు, పుట్టినరోజు పూట దీపం ఆర్పడం ఏంటమ్మా అంటారు. బాబేమో స్కూల్లో అందరూ ఊదుతారు నేనూ ఊదాలి అంటాడు. ఎవరినీ బాధపెట్టకుండా ఎలా?

కోనసీమ_వదిన:

ఏవండీ, రాజమండ్రి కోడలై ఉండి గోదారి మర్చిపోతే ఎలాగండీ! హాలు మధ్యలో నీలం చీర పరిచేయండి, అదే గోదారి. రైలు దాని మీంచి వెళ్ళేటప్పుడు మనం డబ్బులు వేసి దణ్ణం పెట్టుకుంటాం కదా, పిల్లల చేత అలాగే వేయించండి. నిజం చిల్లర వద్దండి, నోట్లో పెట్టేసుకుంటారు, అరచేతి అంత అట్టబిళ్ళలు చేసి బంగారు రంగు కాగితం చుట్టేయండి. మీ అత్తగారిని ఆ చీర పక్కన కూర్చోబెట్టి చిన్నప్పుడు పాత బ్రిడ్జి మీద రైలెలా వెళ్ళేదో చెప్పించండి. ఆ పాత హేవ్‌లాక్ బ్రిడ్జి 1900లో కట్టింది, 1997 దాకా రైళ్ళు నడిచాయండి దాని మీద, ఆవిడ తప్పకుండా ఎక్కే ఉంటారు. పిల్లలకి అంతకంటే పెద్ద షో ఇంకోటి అక్కర్లేదు.

దీపం సంగతి, మా ఇంట్లో కూడా ఇదే పేచీ. మేమేం చేస్తామంటే పొద్దున్నే తలకి నూనె పెట్టి స్నానం, కొత్తబట్టలు, పెద్దవాళ్ళ అక్షింతలు, హారతి, పరమాన్నం. సాయంత్రం కేకు ముందర నానమ్మా మనవడూ కలిసి ప్రమిదలో దీపం వెలిగిస్తారు, దాన్నెవరూ ముట్టుకోరు, కేకు మీద అంకె కొవ్వొత్తి వెలిగించకుండా ఊరికే గుచ్చుతాం. మరి మీవాడికి ఊదాలనుంది కాబట్టి వాడి చేతికి గార్డు విజిల్ ఇవ్వండి, వాడు గట్టిగా ఊదితే రైలు బయల్దేరినట్టు, అందరూ చప్పట్లు, అప్పుడు కేకు కోయడం. ఊదినట్టూ ఉంటుంది, పెద్దావిడ మాటా నిలబడుతుంది.

తిండి కూడా ప్లాట్‌ఫారం మీద దొరికేవే పెట్టండి. బుల్లి ఇడ్లీలు నెయ్యి రాసి, కొబ్బరి చట్నీ కారం లేకుండా. నిమ్మకాయ పులిహోర చిన్న చిన్న పొట్లాలు కట్టి, పిల్లలవాటిల్లో పల్లీలూ మిరపకాయలూ తీసేయండి. అరటిపండు సగం సగం. పెద్దవాళ్ళకి వేడివేడి పునుగులు, అల్లం చట్నీ, టీ. కేకు కిలో ఆర్డరిచ్చి ఊరుకోండి, పిల్లలు క్రీము నాకేసి వదిలేస్తారు. రైలు ఆకారం కేకు బేకరీలో చెప్తే రేటు ఎక్కేస్తుంది, చాక్లెట్ స్విస్ రోల్ ముక్కలు వరసగా పెట్టి బిస్కెట్లు చక్రాల్లా అంటిస్తే రైలే. ఒక పెద్దాయన బుట్ట పట్టుకుని ఇడ్లీ ఇడ్లీ అని అరుచుకుంటూ తిరగాలి, అది లేకపోతే స్టేషనే కాదు.

పిల్లల_వార్డు_సిస్టర్:

అన్నీ బావున్నాయి, నేను జాగ్రత్తలు చెప్తా, పిల్లల వార్డులో పనిచేస్తా కాబట్టి నాకు ఇవే కనిపిస్తాయి. వచ్చే పిల్లల్లో మూడేళ్ళవాళ్ళు ఉన్నారన్నారు. పల్లీలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు పెట్టకండి, ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి, గుండ్రంగా ఉన్నది గొంతులో బిరడాలా పట్టేస్తుంది. తింటూ పరిగెత్తడం వద్దు, కూర్చునే తినాలి.

బెలూన్లు అంటే పగిలిన ముక్కలే ప్రమాదం, పిల్లలు ఆ రబ్బరు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. పగిలిన వెంటనే ఏరేసే బాధ్యత ఒకళ్ళకి అప్పచెప్పండి. బయట పైకెగిరే గ్యాస్ బెలూన్లు అమ్ముతారు, వాటిల్లో చాలా వరకూ హైడ్రోజన్ ఉంటుంది, ప్రమిద వెలిగించే ఇంట్లోకి అవి తేవద్దు. ముఖాల మీద కొట్టే ఫోమ్ స్ప్రే కూడా అంతే, మంట దగ్గర అంటుకుంటుంది. విజిల్ లోపల చిన్న బంతి ఉంటుంది, చవకరకం తేవద్దు, అది బయటికొస్తే చిన్నపిల్లలు మింగేస్తారు. ఏ పిల్లలకి ఏం పడదో వాళ్ళ అమ్మలకి ముందే ఒక మెసేజ్ పెట్టి కనుక్కోండి.

చెత్త_తగ్గిద్దాం:

థర్మకోల్ కటౌటు అన్నారు కదా, 2022 జులై 1 నుంచి నిషేధించిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ లిస్టులో డెకరేషన్ థర్మకోల్ ఉంది, బెలూన్లకి గుచ్చే ప్లాస్టిక్ పుల్లలున్నాయి, ప్లాస్టిక్ ప్లేట్లు స్పూన్లు గ్లాసులూ ఉన్నాయి. డబ్బులిచ్చి మరీ అవి తెచ్చుకోవద్దు. అడ్డాకు విస్తళ్ళలో చిన్న సైజువి దొరుకుతాయి, మీ ప్లాట్‌ఫారం తిండికి భలే నప్పుతాయి. నీళ్ళకి ఇంట్లో స్టీలు గ్లాసులు చాలు, పదిమంది పిల్లలే కదా.

మియాపూర్_అమ్మ:

అందరికీ ఎంత చెప్పినా తక్కువే. విజిల్ కిటుకు విని మా అత్తగారు తెగ సంబరపడ్డారు, నీలం చీర నేనే ఇస్తా అన్నారు. ఫోమ్ స్ప్రే మా తమ్ముడు తెస్తానన్నాడు, వద్దని చెప్పేశా. చివరిగా ఒక్కటి అడుగుతా, రిటర్న్ గిఫ్ట్ ఏమివ్వాలి? గిఫ్టులు పిల్లలముందే విప్పాలా వద్దా, పోయినసారి వేరే వాళ్ళింట్లో దానిమీద పెద్ద గొడవ అయింది.

బుజ్జిబడి_టీచర్:

విప్పొద్దండీ. విప్పితే తెచ్చిన పిల్ల అది నాదే అంటుంది, మీవాడు నాదంటాడు, ఇద్దరిదీ న్యాయమే. లోపలి గదిలో పెట్టేసి అందరూ వెళ్ళాక విప్పండి, ఏది ఎవరిచ్చారో రాసుకుని మర్నాడు ఫోన్ చేయండి. రిటర్న్ గిఫ్ట్ విజిల్ మాత్రం ఇవ్వకండి, అపార్ట్‌మెంట్ అంతా వారం రోజులు నిద్రపోదు. వాళ్ళు ఆడిన ఆకుపచ్చ జెండా, నాలుగు క్రేయాన్లు, గోడ మీద వాళ్ళు రంగేసిన బోగీ ఇంటికిచ్చేయండి. అడుగుతారు చూడండి, నా బోగీ ఏదీ అని. మీ వాడి ఇంజిన్ మాత్రం గోడకే ఉంచండి.

ఓరుగల్లు_నాన్న:

అట్టపెట్టె రైలు కూడ తీయకుండ్రి అక్కా, ఒక మూలకి పెట్టుండ్రి. కొలతలు కావాలంటే చెప్పు, నా దగ్గర గీసుకున్న కాగితం ఉన్నది, ఫొటో పెడ్త.