బెర్లిన్ యూదు మ్యూజియం వదిలేసి వెళ్ళిన కార్ల్ ష్వార్జ్ గురించి

రైలుబండి88:
1933 జనవరి 24న బెర్లిన్‌లో ఒరానియెన్‌బుర్గర్ వీధి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) పక్కన యూదు మ్యూజియం తెరిచారు, ఆరు రోజులకే హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) అయ్యాడు. డైరెక్టర్ కార్ల్ ష్వార్జ్ ఆ ఏడాదే టెల్ అవీవ్ వెళ్ళిపోయి అక్కడి మ్యూజియంకి డైరెక్టర్ అయ్యాడు. అన్నేళ్ళు కష్టపడి నిలబెట్టినదాన్ని అంత తొందరగా ఎలా వదిలేశాడండీ? భయపడా, లేక మంచి పోస్టు దొరికిందనా?

బెర్లిన్_బాబాయ్:
ముందు ఒకటి, ఇప్పుడు బెర్లిన్ యూదు మ్యూజియం అని టూరిస్టులు వెళ్ళే ఆ వంకరటింకర జింకు బిల్డింగ్ 2001లో తెరిచింది, అది వేరే. మ్యూజియం తెరవకముందే, 1927లో, బెర్లిన్ యూదు సమాజం కలెక్షన్‌కి ష్వార్జ్ చార్జ్ తీసుకునేటప్పటికి అందులో ఉన్నది చాలావరకు ఆల్బర్ట్ వోల్ఫ్ అని డ్రెస్డెన్ నగల వ్యాపారి రాసిచ్చిపోయిన సరుకే, నాణేలు, పతకాలు, పూజ సామాన్లు అలాంటివి. ఈయన స్వతహాగా ఆర్ట్ మనిషి, అంతకు పదేళ్ళ ముందే లోవిస్ కోరింత్ అనే జర్మన్ చిత్రకారుడి ప్రింట్లకి కేటలాగ్ వేశాడు, అందుకే లీబర్‌మన్, లెసర్ ఉరీ లాంటి యూదు చిత్రకారుల బొమ్మలు కూడా తెచ్చి దాన్ని అసలైన ఆర్ట్ మ్యూజియం చేశాడు. నన్నడిగితే ఆయన చేసిన పెద్ద పని అదే.

పాతపుస్తకం:
పోస్టు కోసం అంటే అన్యాయం అండి. టెల్ అవీవ్ మేయర్ డిజెన్‌గోఫ్ భార్య పోయాక సొంత ఇల్లే మ్యూజియంకి ఇచ్చేసి 1932లో తెరిచాడు, ష్వార్జ్‌ని పిలిచింది కూడా ఆయనే. గోడలున్నాయి గానీ తగిలించడానికి బొమ్మలేవి? ష్వార్జ్‌కి బెర్లిన్ కలెక్టర్లంతా తెలుసు, ఎరిక్ గోరిట్జ్ అనే బట్టల మిల్లు ఓనరు తన కలెక్షన్‌లోంచి వందల కొద్దీ అక్కడికి పంపాడు. ష్వార్జ్ 1947 దాకా ఉన్నాడు, మరుసటేడు మే 14న బెన్ గురియన్ ఇజ్రాయెల్ ప్రకటన చదివింది ఆ ఇంటి హాల్లోనే.

మట్టికుండ:
మరి బెర్లిన్‌లో మిగిలినవాళ్ళ సంగతో? ముందు ఎర్నా స్టయిన్ అనే ఆవిడ నడిపింది (ఈవిడ్ని ఎవరూ తలుచుకోరు), 1935 నుంచి ఫ్రాంజ్ లాండ్స్‌బెర్గర్. లీబర్‌మన్ చనిపోతే బయట ఎవరూ పట్టించుకోని రోజుల్లో 1936లో స్మారక ఎగ్జిబిషన్ పెట్టారు అక్కడ, అదీ ధైర్యమంటే. 1938 నవంబర్‌లో గెస్టపో (నాజీ రహస్య పోలీసులు) మ్యూజియం మూసేసింది, లాండ్స్‌బెర్గర్‌ని సాక్సెన్‌హౌసెన్ అనే నాజీ నిర్బంధ క్యాంపులో వేశారు. ష్వార్జ్ ఉండిపోయినా జరిగేది అదే కదా.

రైలుబండి88:
థాంక్స్ అండి అందరికీ. ఆ బొమ్మలు ఏమయ్యాయి మరి?

మట్టికుండ:
యుద్ధం అయ్యాక చాలా పెయింటింగ్‌లు బెర్లిన్‌లోనే ఒక సెల్లార్‌లో దొరికాయి. కొన్ని జెరూసలేం బెజాలెల్ మ్యూజియంకి, కొన్ని అమెరికాలో సిన్సినాటి హీబ్రూ యూనియన్ కాలేజీకి పోయాయి. క్యాంపు నుంచి బయటపడ్డ లాండ్స్‌బెర్గర్ చేరింది కూడా ఆ కాలేజీలోనే, అక్కడి మ్యూజియం చూసుకునేవాడు.