గ్లో స్టిక్ లోపల అసలు ఏముంటుంది? పిల్లలకి ఇవ్వొచ్చా?

వానపిట్ట:
మావాడికి ఎవరో గ్లో స్టిక్ ఇచ్చారు, చూస్తే నోట్లో పెట్టుకుని నములుతున్నాడు, వెంటనే లాగేసుకున్నా, పగల్లేదులెండి. బ్యాటరీ లేదు, వేడి లేదు, మరి వెలుగెలా వస్తోంది? మా అత్తయ్య రేడియం ఉంటుందేమో పారెయ్యమంటున్నారు. ఇంకోటి, ఫ్రీజర్లో పెడితే మళ్ళీ వాడుకోవచ్చట, నిజమేనా?

కెమిస్ట్రీబాబు:
రేడియం లేదండీ, రేడియేషన్ కూడా లేదు, అత్తయ్యగారికి ధైర్యం చెప్పండి. ప్లాస్టిక్ ట్యూబ్ లోపల ఇంకో సన్నటి గాజు గొట్టం ఉంటుంది, వంచినప్పుడు టక్‌మనేది అది విరిగిన చప్పుడే. మామూలుగా గాజులో హైడ్రోజన్ పెరాక్సైడ్, దాని చుట్టూ ఆక్సలేట్ ఎస్టర్ అనే కెమికల్, దాంతోపాటు డై. ఇవి కలిస్తే ఒక నిలకడలేని పదార్థం పుట్టి వెంటనే కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, ఆ ఎనర్జీని డై అందుకుని వెలుగుగా వదిలేస్తుంది, అంతే. రంగు ఏదైనా ఈ రియాక్షన్ ఒకటే, మారేది డై మాత్రమే, నీలానికైతే డైఫినైల్ ఆంత్రసీన్. 1960ల్లో బెల్ ల్యాబ్స్‌లో ఎడ్విన్ చాండ్రాస్ దీనికి దారి చూపిస్తే, అమెరికన్ సయనమిడ్ కంపెనీలో మైఖేల్ రౌహట్ వాళ్ళు వెలుగు బాగా పెంచి సరుకుగా మార్చారు.

చల్లనిరాత్రి:
ఫ్రీజర్ మాట సగం నిజం. చల్లదనానికి రియాక్షన్ బాగా నెమ్మదిస్తుంది, బయటికి తీస్తే మిగిలింది మళ్ళీ వెలుగుతుంది, అయిపోయిన స్టిక్ మాత్రం ఏం చేసినా రాదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే భలే వెలుగుతుంది కానీ తొందరగా ఆరిపోతుంది. మైక్రోవేవ్‌లో పెట్టే వీడియోలు చూసి ట్రై చెయ్యకండి బాబూ, పేలి ఆ ద్రవమూ గాజు ముక్కలూ మొహం మీద పడతాయి.

పిల్లితల్లి:
నాకైతే కెమికల్ కన్నా ఆ గాజే భయం. కోసి సీసాలో పోసి దీపం చేస్తామంటారు కొందరు, అస్సలొద్దు. కారి నోట్లో పడితే చేదుగా ఉంటుంది, కొంచెం మంట, సాధారణంగా అంతకు మించి ఏం కాదు, నోరు కడిగి నీళ్ళు తాగించండి, వాంతి మాత్రం చేయించకండి. గాజు ముక్క మింగాడేమో అనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. కంట్లో పడితే నలపకుండా కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పొయ్యాలి, మంట తగ్గకపోతే చూపించాలి. ఒంటి మీదైతే సబ్బు చాలు. చెక్క సామాన్ల మీద పడితే వార్నిష్ పాడవుతుంది, వెంటనే తుడిచెయ్యండి.

పిల్లులు కొరికితే ఆ చేదుకి నురగలు కక్కుతాయి, చూస్తే ప్రాణం పోతోందనిపిస్తుంది, నిజానికి రుచి వల్లే ఎక్కువ. లైట్లు ఆర్పి చూస్తే బొచ్చు మీద ఎక్కడెక్కడ అంటిందో తెలుస్తుంది, అక్కడ తడిగుడ్డతో తుడిచేస్తే మళ్ళీ నాకదు.

వానపిట్ట:
థాంక్సండీ అందరికీ. మావాడు కొంచెం పెద్దయ్యాకే ఇస్తా, అదీ నేను పక్కనున్నప్పుడే.