అప్‌డేట్: ఏబీఎస్ లైట్ ఆరింది

నా కారులో ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రాలు లాక్ అవకుండా చూసే సిస్టమ్) లైట్ వెలుగుతూనే ఉంది, సర్వీస్ సెంటర్‌లో మాడ్యూలే (ఏబీఎస్‌ని నడిపే కంట్రోల్ యూనిట్) మార్చాలంటున్నారు, చక్రం వేగం చూసే సెన్సర్ మాత్రం ఇంట్లో మార్చి చూడొచ్చా అని అడిగాను కదా. మార్చేశాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మల్టీమీటర్‌తో సెన్సర్ ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడమని ఒకరన్నారు. నా బండిలోది యాక్టివ్ సెన్సర్ (కరెంటు ఇస్తేనే పనిచేసే రకం), దానికి ఆ కొలత పనికిరాదు. ఫ్రెండ్ దగ్గర స్కానర్ (బండి కంప్యూటర్‌లోని రీడింగ్‌లు చూపించేది) తెచ్చి బండి నడుపుతూ చూస్తే మూడు చక్రాల వేగం వస్తోంది, ముందు ఎడమది మాత్రం సున్నా. పోయింది ఆ సెన్సరే అని అక్కడే తేలిపోయింది.

బోల్టు ఒక్కటే, తేలిగ్గానే వచ్చింది. సెన్సరే చుక్కలు చూపించింది! తుప్పుకి బిగుసుకుపోయింది. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున అటూ ఇటూ మెల్లగా తిప్పితే కదిలింది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, సెన్సర్ తల విరిగి మిగతాది లోపలే ఉండిపోతుంది. కొన మీద ఇనుప పొడి గడ్డంలా అంటుకుని ఉంది. రంధ్రంలో తుప్పు ఎమరీ పేపర్‌తో గీకాకే కొత్తది పెట్టాను, లేకపోతే సెన్సర్‌కీ, చక్రంతో తిరిగే రింగుకీ మధ్య గ్యాప్ పెరుగుతుంది.

పాతది పట్టుకెళ్తే ఆటోనగర్‌లో సరిగ్గా అలాంటిదే ఇచ్చారు. కుడి, ఎడమ వైర్ల పొడవు వేరు, చూసి కొనండి.

బెంజ్ సర్కిల్ చేరేలోపే లైట్ ఆరిపోయింది. స్కానర్‌లో ఇప్పుడు నాలుగు చక్రాలూ ఒకే వేగం చూపిస్తున్నాయి.